ఉండలు ఉండనీ

ఈజీపురలో ఆదివారం, పొద్దున ఏడు.
కింది ఇంట్లో కుక్కర్ మూడో కూత కూసింది.
సువర్చల ఆస్పత్రికి పోయింది, మార్నింగ్ డ్యూటీ.
ఇంట్లో నేనూ, లౌక్యా.
మధ్యలో గట్టు మీద ఒక పసుప్పచ్చ పొట్లం.

పాన్‌కేక్ మిక్స్, నాలుగు వందల గ్రాములు.
సూపర్ మార్కెట్లో తనే బుట్టలో వేసింది,
అడగలేదు, నా వంక చూడనూ లేదు.
బిల్లు దగ్గర తీసేస్తానేమోనని
బియ్యం సంచి కింద దాచింది.

నన్నింకా ఏమీ అని పిలవదు.
"ఇదిగో" అంటుంది, "వినిపిస్తోందా" అంటుంది,
ఎక్కువసార్లు గోడకి చెబుతుంది.
ఎనిమిది నెలలు.
నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి.
రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్లతో
తలుపు సందులోంచి ఎట్లా మాట్లాడాలో తెలుసు:
నెమ్మదిగా,
ఇంకో ఐదు నిమిషాలే అని అబద్ధం చెప్పకుండా.

పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాలు.
కళ్లద్దాలు వెతికేలోపు తనే చదివింది.
గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు పాలు,
ఒక గుడ్డు, చెంచాడు కరిగిన వెన్న.
నందిని పాల ప్యాకెట్ పంటితో చింపబోతే
"కత్తెరుంది" అంది.
ఉంది. ఏ సొరుగులో ఉందో నాకు తెలీదు.
నాకంటే ముందునుంచీ తనదే కదా ఈ ఇల్లు.

నాది దోసెల చెయ్యి.
మదనపల్లెలో మా చిన్నాయన హోటల్లో
పదో తరగతి తప్పిన వేసవంతా పిండి కలిపినాను.
ఒక్క ఉండ కనబడితే గరిటె కాడతో మొట్టేవాడు.
ఆ భయం ఇంకా మణికట్టులోనే ఉంది,
గిరగిరా తిప్పేస్తున్నాను.
"అయ్యో, అంత కలపొద్దంట!
ఉండలుంటే ఉండనీమని రాసుంది."
"పచ్చిగా తగలవా పంటికి?"
"పెనం మీద వాటంతటవే పోతాయంట."
నాకు నమ్మకం లేదు.
అయినా వదిలేశాను, సగం కలిసిన పిండిని,
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

పది నిమిషాలు ఆగాలట.
తను గడియారం చూసింది, నేను గిన్నె చూశాను.
నిద్రపోయే పిల్లి పొట్టలాగా
పిండి కొంచెం పైకి లేచింది.

మొదటిది చెడింది.
దోసె పెనం, దోసె మంట,
నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనేంత వేడి.
పైన బొగ్గు, లోపల జావ,
మొన్న పెనానికి రుద్దిన ఉల్లిపాయ వాసన.
తిప్పితే సగం స్టవ్ మీద పడింది.
మిగతా సగం నిలబడే తిన్నాను.
తను నవ్వలేదు గానీ
కింది అరలోకి వంగి, చిన్న నాన్‌స్టిక్ పెనం తీసింది,
వాళ్లమ్మ ఆమ్లెట్లకని దాచుకున్నది.

మంట బాగా తగ్గించాను.
గరిటెడు పోసి, చుట్టూ పరచబోయిన చేతిని
నేనే పట్టుకుని ఆపాను.
దానికెంత కావాలో అంత పాకి ఆగింది.
బుడగలు.
"ఇప్పుడా?"
"ఊహూఁ. పగిలాక చిల్లు పూడకుండా ఉండాలి."
ఇద్దరం వంగి చూస్తున్నాం,
తన జడ నా మోచేతికి తగులుతోంది,
తనకి తెలిసినట్టు లేదు.
ఒక చిల్లు పూడింది. ఇంకోటీ పూడింది.
అంచు దగ్గరొకటి అట్లాగే ఉండిపోయింది.
"ఇప్పుడు."

తిప్పాను.
కొత్త బెల్లం రంగు, ఈ చివర్నించి ఆ చివరిదాకా.

తేనె లేదు. పక్కింటి గిరిజమ్మ
ఊర్నించి తెచ్చిన జోనిబెల్లం పోసుకున్నాం.
ఉండల కోసం నాలుకతో వెతికాను.
ఒక్కటీ దొరకలేదు.

వాళ్లమ్మకి రెండు, మూతేసి పెట్టింది,
పైన ఒక చీటీ.
ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు:
"అమ్మా, మేం చేశాం. మొదటిది ఆయన తినేశాడు."
'ఆయన'కి ముందు ఇంకేదో మాట రాసి
పెన్నుతో గట్టిగా కొట్టేసి ఉంది.
వెలుతురుకి పట్టి చూడొచ్చు.
చూడలేదు.
ఉండనీ.